దుర్బీను మీద ఎదురెదురు బాణాలు

జనగామ స్టేషన్ రోడ్డులోని వెంకట్రాం దుకాణంలో బాగుపడిన ప్రతి దుర్బీను లోపలా, మూత విప్పితే తప్ప కనిపించని చోట, సూదిమొనతో గీసిన 'వెం' అనే అక్షరం ఉంటుంది. దాని కింద తేదీ. గడియారాలూ దుర్బీన్లూ బాగుచేసేవాళ్లకు ఇది పాత అలవాటు. పదేళ్ల తర్వాత అదే వస్తువు మళ్లీ బల్ల మీదికొస్తే, ఇదివరకు ఎవరు విప్పారో, ఎప్పుడు విప్పారో తెలియాలి కదా. పనిచేసిన మనిషి సంతకం అన్నమాట.

ఆ సంతకం పదకొండేళ్ల పాటు పెట్టింది తుల్సీబాయి. విప్పింది ఆమె, తుడిచింది ఆమె, బిగించింది ఆమె. చివరికి వెంకట్రాం పేరు గీసింది కూడా ఆమే.

దుకాణం మధ్యలో పూలపూల గుడ్డ తెర ఉండేది. ఇవతల గోడ నిండా గడియారాలు, కుర్చీలో వెంకట్రాం. అవతల ఒక స్టూలు, టేబుల్ లైటు, తుల్సీబాయి. వచ్చిన గిరాకీ "మిస్త్రీ ఎవరు సేటూ?" అంటే "లోపల ఉన్నడు, పనిల ఉన్నడు, కదిలియ్యకుర్రి" అనేవాడు వెంకట్రాం. లోపల పళ్ల మధ్య స్క్రూ పట్టుకుని కూర్చున్న తుల్సీబాయికి నవ్వడానికి కూడా కుదిరేది కాదు. మోచేతి దాకా ఉన్న గాజులు గలగలమంటే గుట్టు బయటపడుతుందని, పొద్దున రాగానే రెండు చేతులకూ పాత చీర పేలికలు చుట్టుకోవాలి. అది వెంకట్రాం పెట్టిన రూలు.

"లంబాడామె చేస్తదంటే సామాను ఇయ్యరే తుల్సీ. నాకేం లేదు, లోకమే గట్లుంది" అన్నాడు మొదటి రోజే.

తప్పును లోకం మీదికి తోసేస్తే మనిషికి ఎంత హాయిగా ఉంటుందో! తుల్సీబాయి పాత చీర చింపింది. పేలికలు చుట్టుకుంది.

ఆమెది మహబూబాబాద్ దగ్గరి తండా. ఏడో ఏటి నుంచే తల్లి పక్కన కూర్చుని రైకల మీద అద్దాలు కుట్టింది. పెళ్లయ్యాక భర్త మాన్‌సింగ్ జనగామ మార్కెట్ యార్డులో బస్తాలు మోయడానికి కుదిరాడు, ఆమె వెంకట్రాం దుకాణం ఊడ్వడానికి కుదిరింది. ఒకరోజు వెంకట్రాం చేతిలోంచి నువ్వుగింజంత స్క్రూ జారిపడింది. ఆయనకు అప్పటికే చూపు మందగించింది, చెయ్యి వణుకుతోంది. నేల మీద మోకాళ్ల మీద పాకుతూ వెతుకుతుంటే, తుల్సీబాయి చీపురు పక్కన పెట్టి, వేలికొస తడిచేసి, స్క్రూను అద్దుకుని తీసి, దాని రంధ్రంలో దాన్ని కూర్చోబెట్టి తిప్పేసింది.

"ఎట్ల గనవడ్డదే నీకు?"

"మా రైక మీద కుట్టు గింతకంటే సన్నగుంటది సేటూ."

వారం తిరక్కుండా తెర వేలాడింది. ఆమె తెర వెనక్కి వెళ్లింది.

జనగామలో దుర్బీన్లేమిటని అనుకోవచ్చు. ఈ చుట్టుపక్కల గడీలు కూలినప్పుడు దొరల వేట సామాను పాతసామాన్ల వాళ్ల దగ్గరికి చేరింది. మహదేవపూర్ అడవుల్లో తిరిగే కాంట్రాక్టర్ల దగ్గర కొన్ని, మిలిటరీలో చేసి వచ్చినవాళ్ల పెట్టెల్లో కొన్ని ఉండేవి. బూజు పట్టినవి, కిందపడి ఒక కన్ను తిరిగినవి, అన్నీ వెంకట్రాం దగ్గరికే వచ్చేవి. వరంగల్‌లో కూడా ఇంత బాగా చేసేవాళ్లు లేరని పేరు. పేరు తెరకు ఇవతలే ఆగేది.

మొదటి ఏడు తుల్సీబాయి ఒక ఘనకార్యం చేసింది. ఒక కాంట్రాక్టర్ దుర్బీను నడిమి చక్రం రాయిలా బిగుసుకుపోయి వచ్చింది. తండాలో బండి ఇరుసు బిగుసుకుంటే ఆముదం పోస్తారు. ఈమె కూడా నాలుగు చుక్కల ఆముదం పోసింది. చక్రం వెన్నలా తిరిగింది. వెంకట్రాం మెచ్చుకున్నాడు, కాంట్రాక్టర్ మెచ్చుకున్నాడు. మే నెల వచ్చింది. ఎండకు ఆముదం పలచబడి, మెల్లగా లోపలికి దిగి, అద్దాలన్నిటి మీదా పరుచుకుంది.

"ఏం పని జేసిన్రయ్యా! రోహిణి కార్తెల గోదారి మీద మంచు గనవడ్తంది నాకు!" అని కాంట్రాక్టర్ దుకాణం ముందు లబలబలాడాడు.

తెర ఇవతల వెంకట్రాం "మా మిస్త్రీకి జర జెరమొచ్చుండె గప్పుడు" అని సర్దిచెప్పాడు. తెర అవతల తుల్సీబాయి ఆ దుర్బీనును పూర్తిగా విప్పింది. ప్రిజాలు, అంటే లోపలుండే మూడు పలకల గాజుముక్కలు, తీసేముందు ఏది ఎటు కూర్చుందో పెన్సిలుతో గీతలు గీసుకుంది. ఆముదం చుక్క మిగలకుండా తుడిచింది. తర్వాత ఎవరు దుర్బీను తెచ్చినా ఆమె మొదట వాసన చూసేది. "ఆముదం పోసిన్రా?" అని తెర వెనక నుంచి చీటీ పంపేది.

బిగించాక అసలు పరీక్ష ఉంటుంది. రెండు గొట్టాలూ ఒకే చోటికి చూడాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా రెండు బొమ్మలు కనిపించి తల పగిలిపోతుంది. రోడ్డు వైపు నిలబడి దూరంగా ఉన్న దేన్నైనా చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. కానీ ఆమె ముందుకు రాకూడదు. అందుకని వెనక కిటికీలోంచి రైల్వే నీళ్ల టాంకీని చూసేది. అడ్డంగా రేకుల షెడ్డు ఉండటంతో సగం టాంకీయే కనిపించేది. పదకొండేళ్లు సగం టాంకీతోనే సరిచూసింది.

పాత దుర్బీన్లను గుర్తుపట్టడం ఆమెకు స్టేషన్ ఘన్‌పూర్ హవల్దార్ సోమనర్సయ్య వల్ల వచ్చింది. మిలిటరీ సామాన్ల డిపోలో ముప్పై ఏళ్లు పనిచేసి వచ్చిన ముసలాయన. తన దుర్బీను తీసుకోవడానికి వచ్చి, "చేసినోనితోని మాట్లాడకుంట పోను" అని తెర లాగేశాడు. గాజులకు పేలికలు చుట్టుకున్న మనిషిని చూసి ఒక్క నిమిషం ఆగి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బిడ్డా, గీ కాకి అడుగసొంటి బాణం జూసినవా? ఇది ఇంగ్లీషోని సర్కారు ముద్ర. గిది ఉన్నదంటే సర్కారు సామానే. గని ఇంకో బాణం దీనికి ఎదురుంగ, మొనకు మొన తాకేటట్టు కొట్టి ఉన్నదనుకో, ఇగ సర్కారు దాన్ని అమ్ముకున్నట్టు. ఎవలైనా పెట్టుకోవచ్చు. యాదికుంచుకో."

యాదికి ఉంచుకుంది. సంవత్సరం ఎక్కడ ఉంటుందో, నల్లరంగు కింద ఇత్తడి ఉంటే ఎంత పాతదో, అన్నీ ఒక్కొక్కటే నేర్చుకుంది. జర్మన్‌దని గొప్పలు చెప్పుకునే దుర్బీను నిజానికి ఎక్కడిదో ఆమె చూడగానే చెప్పగలిగేది. చెప్పడానికి ఎవరూ ఉండరు, అంతే.

రెండు వేల పదిలో ఆమె తండా నుంచే ఒక దుర్బీను వచ్చింది. తెచ్చినవాడు సేవ్యా, డెబ్భై దాటిన మనిషి. వరసకు తుల్సీబాయికి చిన్నాన్న. ఆమె "కాకా" అంటుంది. సేవ్యా తండ్రి మహదేవపూర్ అడవిలో వేటకు వచ్చిన ఒక మిలిటరీ పెద్దమనిషికి ఏళ్ల తరబడి దారి చూపాడు. ఆయన పోతూ పోతూ మెళ్లో వేసి వెళ్లిన దుర్బీను అది. తండాలో పశువులు తప్పిపోతే ఊరంతా సేవ్యా దగ్గరికే వచ్చేవారు.

ఆ దుర్బీను భుజం మీది ఇత్తడి పలక సగం నల్లగా, సగం రంగు పోయి ఉంది. నల్లటి సగంలో 1917 అన్న అంకె, ఒక బాణం. రంగు పోయిన సగంలో, దానికి ఎదురుగా, మొరటుగా కొట్టిన ఇంకో బాణం. తుల్సీబాయి చూసి సంతోషపడింది.

వెంకట్రాం చూసి పెదవి విరిచాడు. "గింత పాతగ కనవడ్తె నా పేరేం గావాలె? నల్లరంగు కొట్టు, మెరవాలె."

"వద్దు సేటూ. రంగు కొడితె ముద్రలు పోతయి. పాతదాన్ని పాతగనే ఉంచాలె."

"సేటువు నువ్వా, నేనా?"

నువ్వే సేటూ, అని ఆమె ఇంటికి పోయి, గాజులు చేసే లక్కను స్పిరిట్‌లో కరిగించి, దీపం మసి కలిపి తెచ్చింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు స్పిరిట్‌తో తుడిచేసుకోవచ్చు. డబ్బా రంగైతే గీకితే గాని పోదు, గీకితే ముద్ర కూడా పోతుంది. రంగు పోయిన సగానికి మాత్రం లక్క పూసింది. మెరిసింది. సేటు మురిశాడు. లోపల 'వెం' గీసి సేవ్యాకు ఇచ్చారు.

మరుసటి ఏడు సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె మొదలైంది. వెంకట్రాం దుకాణం మూసి, మెళ్లో గులాబీ కండువా వేసుకుని శిబిరంలో కూర్చున్నాడు. "మన కష్టం మనది, పేరు మాత్రం వాళ్లది! ఎన్నాళ్లు?" అని ఆయన మైకులో అడుగుతుంటే జనం చప్పట్లు కొట్టారు. మాట నిజమే. చప్పట్లు కొట్టినవాళ్లలో తుల్సీబాయి కూడా ఉంది, అలవాటు కొద్దీ చేతులకు పేలికలు చుట్టుకుని.

రైల్‌రోకో నాడు సేవ్యా మహబూబాబాద్‌లో స్టేషన్ నడకవంతెన ఎక్కి దుర్బీనుతో కాపలా కాశాడు. పట్టాల మీద కూర్చున్నవాళ్లకు ఆయనే సమాచారశాఖ.

"డోర్నకల్ దిక్కు ఖాళీ! ఇటు పోలీసు జీబు వస్తంది! ఓ కల్యాణ్, మిర్చి బజ్జీల బండి కాడ దాక్కున్నవేందిరా, కనవడ్తున్నవ్, వచ్చి కూసో!"

ఆయన ఎక్కువసేపు చూడలేకపోయాడు. పోలీసులు వంతెన వెనక వైపు నుంచి ఎక్కారు, దుర్బీను అటు తిప్పలేదు పాపం. మిగతావాళ్లను సాయంత్రానికి వదిలేశారు. సేవ్యాను మాత్రం ఆపారు. ఆ ఠాణా పేరు ఇక్కడ అనవసరం. కోస్తా నుంచి వచ్చిన యస్సై దుర్బీను తిప్పి చూసి, బాణం ముద్ర దగ్గర ఆగాడు.

"ఇది ప్రభుత్వ ముద్ర. సర్వే రాళ్ల మీద చూడలేదా? తండావాడి దగ్గరికి ఇదెలా వచ్చిందయ్యా? ఎక్కడ కొట్టేశావు?"

ఉద్యమం కేసైతే సేవ్యా గర్వంగా పోయేవాడు. దొంగతనం కేసు అనేసరికి ముసలాయన నోరు పడిపోయింది. తండావాళ్లను చూడగానే దొంగ అనే మాట నాలుక చివరికి వచ్చేసే రోగం యస్సై ఒక్కడిది కాదు, మన ఊళ్లన్నిటిదీ. "జనగామ వెంకట్రాం సేటు బాగుచేసిండు, అడుగుర్రి" అని మాత్రం అనగలిగాడు.

మర్నాడు పొద్దున్నే ఠాణా నుంచి కబురందగానే వెంకట్రాం కండువా సర్దుకుని బయలుదేరాడు. "నువ్వు రాకు తుల్సీ, నేను జూసుకుంట" అన్నాడు. ఆయన బస్సు ముందు తలుపు ఎక్కాడు. తుల్సీబాయి వెనక తలుపు ఎక్కింది.

ఠాణాలో వెంకట్రాం బాగానే మొదలుపెట్టాడు. "సార్, ఈ దుర్బీను నేనే నా చేతులతోని బాగుచేసిన. లోపల నా పేరుంటది."

"అయితే విప్పి చూపించండి."

చూపించడానికి స్క్రూడ్రైవర్ పెట్టాడు. చెయ్యి వణికింది. స్క్రూడ్రైవర్ జారి ఇత్తడి మీద గీత పడింది. రెండోసారి జారి యస్సై టీ గ్లాసులో పడింది.

"మీరేనా మెకానిక్? సరే, అది వదిలేయండి. ఈ పలక మీద ఒక బాణమే ఉందా, ఇంకేమైనా ఉందా? మీరు చేసిందేగా, చెప్పండి."

వెంకట్రాం పలక వైపు చూశాడు, సేవ్యా వైపు చూశాడు. జైలుకు పోయేలా ఉన్న ఆ ముసలాయన ఆశగా ఆయన నోటి వైపే చూస్తున్నాడు. "ఒకటే సార్... ఒకటే అనుకుంట" అన్నాడు వెంకట్రాం.

గుమ్మం దగ్గర గాజులు గలగలమన్నాయి. తుల్సీబాయి పేలికలు విప్పేసి, వాటిని చుట్టచుట్టి నడుముకు దోపుకుంటోంది.

"రెండున్నయి సార్. రెండోదాన్ని రంగు కింద దాచింది నేనే. జర స్పిరిటు, దూది ఇప్పియ్యుర్రి."

"నువ్వెవరమ్మా?"

"గా దుర్బీను జేసిన మనిషిని."

యస్సై వెంకట్రాం వైపు చూశాడు. వెంకట్రాం గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. సుమన అనే మహిళా కానిస్టేబుల్ నవ్వు ఆపుకుంటూ మందులపెట్టెలోంచి స్పిరిట్ సీసా తెచ్చింది. తుల్సీబాయి దూది తడిపి పలక మీద నాలుగుసార్లు తిప్పింది. లక్క కరిగి దూది నల్లబడింది. కింద ఇత్తడి పసుపు బయటపడింది. మొదటి బాణానికి ఎదురుగా, మొనకు మొన తాకుతూ రెండో బాణం.

"సర్కారు అమ్ముకున్న సామానుకు ఇట్ల ఎదురు బాణం కొడ్తరు సార్. ఇది మా కాకా దొంగతనం జేసింది గాదు."

"నీకెవరు చెప్పారు?"

"ఘన్‌పూర్ హవల్దారు తాత. ఫోను జేసి అడుగుర్రి."

యస్సై ఫోన్ చేశాడు. సోమనర్సయ్యకు చెవుడు, అందుకని ఆయన మాట ఠాణా అంతటికీ వినిపించింది. "మొనకు మొన తాకుతున్నయా? తాకుతున్నయంటె అమ్మేసిందే! ఎవలు జెప్పిన్రు మీకు? తుల్సీబాయా? మరి ఆమె జెప్పినంక నన్నెందుకు లేపిన్రు నిద్రల నుంచి?"

యస్సై ఫోన్ పెట్టేసి కాసేపు మీసం దువ్వుకున్నాడు. దుర్బీను కళ్లకు పెట్టుకుని కిటికీలోంచి చూశాడు. "అబ్బ, ఎంత స్పష్టంగా ఉంది!" అన్నాడు, తనకే తెలియకుండా. తర్వాత సేవ్యాకు తిరిగి ఇస్తున్నట్టు కాగితం రాయడం మొదలుపెట్టి, "బాగుచేసినవారి పేరు?" అని అడిగాడు.

వెంకట్రాం అలవాటుగా నోరు తెరిచాడు. గదిలో ఎవరూ ఆయన వైపు చూడలేదు. మూసుకున్నాడు.

"తుల్సీబాయి" అంది ఆమె.

ఒక కాగితం మీద ఆమె పనికి ఆమె పేరు పడటం అదే మొదటిసారి.

తిరుగు బస్సులో ఇద్దరూ ముందు తలుపే ఎక్కారు. "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్" అన్నాడు వెంకట్రాం రఘునాథపల్లి దాటాక.

"కాకా జైలుకు పోతుండె సేటూ. ఒక్కటడుగుత. ఇగ నుంచి లోపల నా అక్షరం గీసుకుంట."

"దుకాణం ఎవలిదే?"

"నీదే. పని నాది."

ఆయన ఒప్పుకోలేదు. శిబిరంలో మైకు పట్టుకుని అడిగిన మాటే తన దుకాణంలో ఆమె అడిగితే ఆయనకు వినిపించలేదు. మరునాటి నుంచి తుల్సీబాయి దుకాణానికి పోలేదు.

మాన్‌సింగ్ అప్పటికే చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. ఆమె కూడా భూపాలపల్లి వెళ్లి, ఇంటి ముందు రేకు వేసి, బల్ల పెట్టుకుంది. ఇప్పుడు అక్కడ తెర లేదు, గాజులకు పేలికల్లేవు. సరిచూడటానికి సగం టాంకీ బాధ తీరింది. దూరంగా చెల్పూర్ చిమ్నీ నిటారుగా, నిండుగా కనిపిస్తుంది. "రెండు కండ్లకు ఒక్కటే చిమ్నీ కనవడ్తె పాసయినట్టు" అంటుంది. ఆ పొగ తండాల మీదే పడుతుందనీ, ఉద్యోగాలు మాత్రం పడవనీ మాన్‌సింగ్ అంటాడు. అది ఇంకో వ్యాసం.

చిక్కేమిటంటే, గిరాకీలకు ఇప్పటికీ జనగామ వెంకట్రాం పేరే తెలుసు. వాళ్లు అక్కడికే పోతారు. చెయ్యి వణికే వెంకట్రాం వాటిని డబ్బాలో పెట్టి భూపాలపల్లి బస్సులో పంపుతాడు. "అర్జెంటు. లోపల మన గుర్తు వెయ్యి" అని చీటీ. ఆమె బాగుచేసి, 'తు' అని గీసి, వెనక్కి పంపుతుంది. దాచిపెట్టే మనిషి కాదు కనుక ఫోన్ చేసి చెప్పింది కూడా.

"నా అక్షరమే గీస్తున్న సేటూ."

అటు వైపు వెంకట్రాం గొంతు తగ్గించాడు. "బయటికైతే కనవడదు గద?"

"మూత ఇప్పకపోతె కనవడదు."

"అయితె సరె."

ఇదీ ఇవాళ్టి పరిస్థితి. ఇది రాస్తున్న నాటికి రాష్ట్రం ఇంకా రాలేదు. వస్తుంది. వచ్చాక ఏం చేయాలో ఇప్పట్నుంచే అలవాటు చేసుకుందాం. మీ ఇంట్లో పాత దుర్బీను ఉంటే దయచేసి రంగు కొట్టకండి, ఆముదం అసలే పోయకండి. భూపాలపల్లి బస్సెక్కి తుల్సీబాయి దగ్గరికే నేరుగా తీసుకెళ్లండి. జనగామలో ఇస్తే మాత్రం, తీసుకునేటప్పుడు "చేసిందెవరు?" అని అడగండి. "లోపల ఉన్నడు" అంటే తెర లాగి చూడండి. చీటీ మీద ఆమె పేరు రాసిస్తే గానీ దుకాణం దిగకండి. దర్జీ దగ్గర, స్వీటు దుకాణంలో, మన శిబిరాల వంటల దగ్గర, జెండాలు కుట్టించిన చోట కూడా ఇదే మాట అడగండి. వెంకట్రాం చెడ్డవాడేం కాదు. అడిగేవాళ్లు పదిమంది వస్తే రాసిస్తాడు. ఆ పదిమందిలో మీరు మొదటివాళ్లు కండి.